పొడిబట్టలతో వచ్చినవాడు

పోయినవారం డాగ్నీని పొగమంచులో, చచ్చిన తిమింగలం పక్కన, చేతిలో తాడు కొసతో వదిలేసి వచ్చాం. ఆ కొసను చూసి ఆ అమ్మాయి నల్లటి తడి ఇసుకలో ఎందుకు చతికిలబడిపోయిందో చెప్పకుండానే వచ్చేశాం. తిట్టుకున్నవాళ్ళు తిట్టుకునే ఉంటారు. ఇప్పుడు చెబుతాను.

కాల్దావీక్ అఖాతంలో ఈ వేసవంతా తిమింగలాల వేట లేదు. ఆపమని ప్రభుత్వం ఉత్తరువు ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. డాగ్నీ, ఆమె స్నేహితుడు కేతిల్, ఇంకొంతమంది కుర్రకారు రేవు పక్కన గుడారాలు వేసుకుని, వానకు నాని, వేట ఓడల స్తంభాలెక్కి కూర్చుని, పోలీసులు దింపితే మళ్ళీ ఎక్కి సాధించుకున్న ఉత్తరువు అది. వేట కంపెనీ మేనేజరు బ్రాండూర్ మాత్రం టీవీలో చక్కగా నవ్వుతూ, "మా ఓడలు రేవులోనే ఉన్నాయి, అడుగున నాచు కూడా పట్టింది, కావాలంటే వచ్చి గీకి చూసుకోండి" అన్నాడు. అలాంటిది, డాగ్నీ తల్లి హల్బెరా పొలం కింద ఒడ్డుకి, వీపులో ఈటె దిగిన ఆడ తిమింగలం ఒకటి కొట్టుకొచ్చింది. చచ్చి ఎన్నాళ్ళో కాలేదు. పొట్ట కింద ఇసుక మీద పాలు కారి తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

రేపు పొద్దున రాజధాని నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడు. దాన్ని చంపింది ఎవరో తేలితే వేట ఇక శాశ్వతంగా ఆగిపోతుంది. తేలకపోతే వచ్చే వేసవికి ఓడలు మళ్ళీ కదులుతాయి.

ఆ జాతి తిమింగలానికి కుడి దవడ తెలుపు, ఎడమ దవడ నలుపు. ఎందుకలా పుట్టిందో పుట్టించినవాడికే తెలియాలి. మంచులో మిగతా ఒళ్ళంతా కనబడకుండా పోయి ఆ తెల్లదవడ ఒక్కటే కనిపిస్తోంది. లోపల గాలి చేరి, అల వెనక్కి తీసినప్పుడల్లా సన్నగా ఒక మూలుగు వస్తోంది. చచ్చినవాటికి అది మామూలే అని కేతిల్ ధైర్యం చెప్పాడు గానీ, చెబుతూనే రెండడుగులు వెనక్కి వేశాడు.

ఈటెకున్న తాడు ఇసుక మీదుగా నీళ్ళలోకి, అక్కణ్ణుంచి మంచులోకి పోయింది. అవతల ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు ఉండుండి బిగుసుకుంటోంది. డాగ్నీ లాగి చూస్తే కొసన నీళ్ళ మీద తేలే ఎర్రటి బుడ్డి వచ్చింది. చంపినదాన్ని తర్వాత వచ్చి తీసుకుపోవడానికి వేటగాళ్ళు గుర్తుగా కట్టే బుడ్డి అది. దాన్ని తగిలించిన చోట తాడు పురులు విప్పి, వెనక్కి మడిచి, మళ్ళీ తాడులోకే అల్లిన గుండ్రటి కన్ను ఉంది.

ఆమెను కూలబడేలా చేసింది ఆ కన్నే. ఓడల మీద అందరూ కన్ను అల్లుతారు. పురులను కుడివైపుకి అల్లుకుంటూ పోయి, చివరి పురిని పొట్టిగా కోసేస్తారు. ఇది ఎడమచేతివాటం అల్లిక. చివరి పురిని కోయకుండా వెనక్కి తిప్పి, ఎక్కడ ముగిసిందో కనబడకుండా కంటి లోపలే దాచేశారు. అలా అల్లేవాడు ఆ తీరంలో ఒక్కడే ఉండేవాడు. అతను డాగ్నీ తండ్రి స్టెయినార్, వేట ఓడ మీద ఈటె ఫిరంగి పేల్చే గురికాడు. ఎనిమిదేళ్ళ కిందట శీతాకాలపు తుఫానులో అతని ఓడ మునిగింది. మిగతావాళ్ళంతా ప్రాణాలతో దొరికారు, అతను దొరకలేదు.

తాడేమో నీలంరంగుది, కొత్తది. ఆ రకం తాడు ఓడల మీదికి వచ్చిందే మొన్న మొన్న.

డాగ్నీ ఆ కన్నున్న ముక్కను కోసి సంచిలో వేసుకుంది. కేతిల్‌ని తిమింగలం దగ్గర కాపలా ఉంచి తిన్నగా చర్చికి నడిచింది. చర్చి గంట తాడు స్టెయినార్ అల్లి ఇచ్చిందే. రెండు తాళ్ళ కళ్ళూ పక్కపక్కన పెట్టి వేలితో తడిమింది. ఒకే చెయ్యి. అనుమానం లేదు. ఇంకోసారి చూద్దామని గంట తాడును కొంచెం కిందికి లాగింది, ఆ కాస్తకే పైన గంట ఒక్కసారి ఖంగుమంది. ఆ ఊళ్ళో గంట ఒక్కసారి మోగితే ఎవరో పోయారని లెక్క. డాగ్నీ తాడు వదిలేసి బయటికి పరుగుతీసింది.

ప్రహరీ గేటు దగ్గర బ్రాండూర్ ఎదురయ్యాడు. భారీ మనిషి. ఉన్ని టోపీ, ముఖాన ఎప్పుడూ ఉండే నవ్వు.

"ఎవరు పోయారే, గంట కొట్టావ్?"

"ఎవరూ పోలేదు బ్రాండూర్. అదే నా అనుమానం."

"ఏం మాటలే తల్లీ, ఉపన్యాసాలిచ్చీ ఇచ్చీ మామూలుగా మాట్లాడ్డం మర్చిపోయావు. సంచిలో ఏంటి? మళ్ళీ నా ఓడెక్కుతావా? ఈసారి చెప్పు, నిచ్చెన నేనే వేయిస్తా. పాపం మోకాళ్ళు చెక్కుకుపోతున్నాయి నీకు."

"ఎక్కణ్ణుంచి వస్తున్నావ్?"

"మీ ఇంటినుంచే. మీ పొలం కింద కొట్టుకొచ్చిన తిమింగలం మీ అమ్మ సొత్తు. మన తాతలనాటి చట్టం అది, నేను రాయలేదు. ఊఁ అంటే నా పడవ పెట్టి లాక్కెళ్ళి లోతులో వదిలేస్తానని చెప్పి వచ్చా. కంపు కదా."

"ఏమంది?"

"ఆలోచిస్తానంది. మంచిమనిషి. నీలాగా కాదు."

డాగ్నీ సంచిలోంచి తాడుముక్క తీసి అతని ముక్కు కింద పెట్టింది.

బ్రాండూర్ ముఖం మీద నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళల్లోంచి పోయింది. చెయ్యి చాపబోయి, చాపకుండా జేబులో పెట్టుకున్నాడు. "ఎవడో పరాయిదేశం దొంగ ఓడవాడిది. మంచులో వచ్చి మనవైపు వేటాడి పోతున్నారని నేను చెబుతూనే ఉన్నాగా."

"నువ్వింకా సరిగా చూడనేలేదు."

అతను అప్పుడూ చూడలేదు. సముద్రం వైపు తిరిగాడు. అక్కడ చూడ్డానికి మంచు తప్ప ఏమీ లేదు.

"అధికారికి చూపిస్తావు కదూ?" అన్నాడు. ఈసారి గొంతులో హాస్యం లేదు. "చూపించుకో. దానికి ముందు మీ అమ్మనొక మాట అడుగు. మీ నాన్నతో చివరిసారి ఏం మాట్లాడిందో అడుగు."

"తెలుసు. ఓడెక్కేరోజు రేవులో ఆయన చేతితొడుగులు మర్చిపోతే తిట్టింది. ఊరంతా విన్నారు."

"రేవులో కాదు," అన్నాడు బ్రాండూర్. "ఆ తర్వాత."

ఇంటికి పోయే దారిపొడుగునా ఆ రెండు మాటలు డాగ్నీ చెవిలో గింగురుమంటూనే ఉన్నాయి. కుడిపక్కన సముద్రం కనబడటం లేదు గానీ, దాని లోంచి ఒక శబ్దం ఆమెతోపాటే నడుస్తోంది. బుస్సుమని ఒక ఊపిరి వదలడం, చాలాసేపు నిశ్శబ్దం, మళ్ళీ ఊపిరి. ఒడ్డుకి ఇంత దగ్గరగా పెద్ద తిమింగలాలు రావు. అది చచ్చినదాని పిల్ల అని అర్థం కావడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు.

హల్బెరా వంటింట్లో రాతిపలక మీద ఎండుచేపను సుత్తితో కొడుతోంది. నార విడిపోయేదాకా కొడితే గానీ దాన్ని వెన్న రాసుకుని తినలేరు. వేరే పని ఏదీ తోచనప్పుడు ఆ ఇంట్లో అవసరానికి మించి చేప నలుగుతుంది. ఈరోజు మూడిళ్ళకు సరిపడా నలిగింది.

"ఆ కోటు బయటే విప్పేయ్. కంపు లోపలికి తేకు," అంది తలెత్తకుండా. "నీ చెల్లి స్టెయినా ఈతకు పోయింది. వచ్చేటప్పుడు పక్కింటివాళ్ళు దిగబెడతారు. దాని ముందు ఆ తిమింగలం ఊసెత్తకు, అన్నం తినదు."

డాగ్నీ సంచిని బల్ల మీద బోర్లించింది.

సుత్తి గాల్లో ఆగిపోయింది.

"ఏంటిది?"

"నువ్వే చెప్పు."

"తాళ్ళ సంగతి నాకేం తెలుసే?"

"అమ్మా, ఈ బల్ల మీదే కదా ఆయన అల్లేది. నువ్వు విసుక్కునేదానివి, పిండి పిసకడానికి చోటులేకుండా తాళ్ళేంటని."

హల్బెరా దగ్గరికి వచ్చింది. ముట్టుకోలేదు. "ఆయన దగ్గర నేర్చుకున్న వాడెవడో అల్లుంటాడు."

"ఆయన ఒక్కరికే నేర్పాడు. ఇది నేను అల్లలేదు."

"చచ్చినవాళ్ళు తాళ్ళల్లరు డాగ్నీ."

"నేనూ అదే అంటున్నా."

స్టెయినార్ చచ్చిపోయాడని ఊరు ఎలా నమ్మిందో ఇక్కడ చెప్పుకోవాలి. శవం దొరకలేదు. పడవలు వెతుకుతూనే ఉన్నాయి. అప్పటికి హల్బెరా కడుపుతో ఉంది. ఓ తెల్లవారుజామున లేచి, స్టెయినార్ తన మంచం పాదాల దగ్గరికి వచ్చి నిలబడ్డాడనీ, ఒంటినిండా నీళ్ళు కారుతున్నాయనీ చెప్పింది. ఇక ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. కడుపుతో ఉన్న ఆడదాని మంచం దగ్గరికి పోయినవాళ్ళే వస్తారు, పుట్టబోయే బిడ్డకు తమ పేరు పెట్టమని అడగడానికి వస్తారు. సముద్రంలో పోయినవాళ్ళయితే తడిబట్టలతో వస్తారు. అక్కడ పుట్టిన ఎవరినైనా అడగండి, ఇంతే చెబుతారు. పడవలు వెనక్కి వచ్చేశాయి. సముద్రంలో పోయినవాళ్ళ స్మారకపు రాయి మీద ఒక పేరు పెరిగింది. వసంతంలో ఆడపిల్ల పుడితే స్టెయినార్ పేరు తిప్పి స్టెయినా అని పెట్టారు.

ఆనాటినుంచి డాగ్నీ ఎక్కడ మైకు పట్టుకున్నా ఒకే మాటతో మొదలుపెట్టేది. ఈ వేట తిమింగలాలనే కాదు, మా నాన్నను కూడా మింగింది అని. ఆ మాటకు హాలంతా నిశ్శబ్దమైపోయేది.

"నాన్నతో చివరిసారి ఏం మాట్లాడావమ్మా?"

"చేతితొడుగులు..."

"రేవులో కాదు. ఆ తర్వాత."

హల్బెరా సుత్తిని రాతిపలక పక్కన మెల్లగా పెట్టింది. "ఎవరడగమన్నారు?"

"బ్రాండూర్."

అప్పుడామె కుర్చీ లాక్కుని కూర్చుంది. వాకిలి పక్క గోడకేసి చూసింది. అక్కడొక మేకు ఉంది, దానికి ఏమీ లేదు. స్టెయినార్ తాళ్ళల్లడానికి వాడే దబ్బనం, తిమింగలం ఎముకతో అతని తాత చేసింది, ఒకప్పుడు దానికి వేలాడేది. ఓడతోపాటే మునిగిపోయిందని డాగ్నీ ఇన్నాళ్ళూ అనుకుంటోంది.

"ఆయన తడిగా లేడు," అంది హల్బెరా.

"ఏంటి?"

"ఆ తెల్లవారుజామున. నీళ్ళు కారుతున్నాయని చెప్పాను కదా. కారలేదు. పొడిగా ఉన్నాడు. ఎవరిదో కోటు, ఆయనది కాదు, భుజాల దగ్గర బిగుతుగా ఉంది. మంచం దగ్గర నిలబడి, హల్బెరా లే, నీతో చెప్పాల్సింది ఉంది, అన్నాడు."

డాగ్నీ ఆ మేకుకేసి చూసింది.

"నేను నిద్రమత్తులో ఉన్నా. కడుపుతో ఉన్నా. పోయినవాడు పేరుకోసం వచ్చాడనే అనుకున్నానే! ఇంకేం అనుకుంటాను? మా అమ్మ నేర్పింది, వాళ్ళు వస్తే ముఖం చూడకూడదు, పేరిచ్చి పంపెయ్యాలని. కళ్ళు గట్టిగా మూసుకున్నా. నీ పేరు బిడ్డకు పెడతాను, ఇక్కడ నీకింక పనిలేదు, వెళ్ళిపో, అన్నాను."

"ఆయన?"

"చాలాసేపు నిలబడ్డాడు. ఊపిరి వినబడుతూనే ఉంది. ఒకటికి రెండుసార్లు, వెళ్ళు, వెళ్ళు, అన్నాను. తర్వాత గోడ దగ్గర మేకు గీసుకున్న చప్పుడైంది. తలుపు మూసుకుంది."

"తలుపు మూసుకున్న చప్పుడు వినబడింది నీకు. దెయ్యాలు తలుపులేసుకుని పోతాయా అమ్మా!"

"ఇప్పుడనిపిస్తుంది నీకు! తట్టలేదు కదే. బతికున్నవాడు మూడుసార్లు తడతాడు, పోయినవాడు మూడు దాకా రాలేడు, చిన్నప్పటినుంచి అదే విన్నాం. సొంత ఇంటి తలుపు ఎవడు తడతాడని నాకప్పుడు తోచలేదు." హల్బెరా ఒళ్ళో పడ్డ చేప నార దులుపుకుంది. "పొద్దున్నే లేచి మీ అత్తకు ఫోన్ చేసి చెప్పా. ఆవిడ సంగతి తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికి పడవలు వెనక్కి వచ్చేశాయి, పాస్టరు వచ్చి కాఫీ తాగుతున్నాడు. నేల తుడుద్దామని గుడ్డ తీసుకుని మంచం దగ్గరికి పోతే తడి లేదు. అప్పుడు తలెత్తి మేకు చూశా. దబ్బనం లేదు."

"అప్పుడైనా చెప్పొచ్చుగా!"

"ఏమని? నా మొగుడు బతికే వచ్చాడు, నేనే వెళ్ళగొట్టానని చెప్పనా? మళ్ళీ వస్తాడనుకున్నా. ఆ చలికాలమంతా తలుపుకి గడియ పెట్టలేదు. మంచు లోపలికి కొట్టేది, నువ్వు తిట్టేదానివి గుర్తుందా?"

గుర్తుంది. తండ్రి పోయిన దిగులుతో అమ్మకి మతిపోయిందని, డాగ్నీ తనే లేచి గడియ పెట్టొచ్చేది. అది గుర్తు రాగానే ఆమె కోపమంతా ఒక్కసారి నీరైపోయింది, దాని చోట భయం వచ్చి కూర్చుంది. ఎందుకు దాక్కున్నాడు? ఎవరి దగ్గర దాక్కున్నాడు? ఎవరి ఓడ మీద, ఏ మంచులో, ఇన్నేళ్ళు ఈటెలు పేలుస్తున్నాడు? నాన్నను మింగిందని తను ఊరూరా తిట్టిన వేట నాన్నను మింగనేలేదు. నాన్నే దాన్ని నడిపిస్తున్నాడు.

"తిమింగలాన్ని బ్రాండూర్‌కి ఇవ్వను," అంది హల్బెరా కళ్ళు తుడుచుకుంటూ. "అది నా ఒడ్డు. నీ అధికారి వచ్చి చూసుకోనీ. కానీ ఆ తాడు చూపించకు డాగ్నీ. పొయ్యిలో పడేద్దాం. ఒకసారి నేను వెళ్ళగొట్టా. నువ్వు జైలుకి పంపిస్తావా?"

"ఈ తాడు లేకపోతే పరాయి దేశం ఓడ అంటారు. నమ్ముతారు కూడా. ఇది, చర్చి గంట తాడు పక్కపక్కన పెడితే..." డాగ్నీ మాట మధ్యలో ఆగింది. "విను."

వంటింటి కిటికీ అవతల, మంచులోంచి, ఆ ఊపిరి. బుస్సుమని ఒకసారి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ.

"ఏంటది?" అంది హల్బెరా గుసగుసగా.

"దాని పిల్ల. తల్లి ఒడ్డున ఉందని తెలుసు దానికి, పోయిందని తెలీదు. దానికేం చెప్పమంటావ్? పేరిచ్చి వెళ్ళిపొమ్మనమంటావా?"

అనకూడని మాట. అన్న తర్వాత తెలిసింది. హల్బెరా ముఖం తిప్పుకుంది. ఇద్దరి మధ్యా బల్ల మీద ఆ నీలం తాడు కన్ను తెరుచుకుని పడి ఉంది.

అప్పుడు తలుపు మీద చప్పుడైంది. సుత్తి దెబ్బలాంటి చప్పుడు, ఒక్కటి.

పక్కింటివాళ్ళు తట్టరు, పిలుస్తారు. స్టెయినా అయితే తలుపు తన్నుకుంటూ వస్తుంది.

రెండోది.

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. బయట తిమింగలం పిల్ల ఊపిరి వదిలింది. నిశ్శబ్దం ఎంతసేపు సాగిందంటే, ఇక అంతే, మూడోది లేదు అని డాగ్నీ అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది, కొంచెం హాయిగా కూడా అనిపించింది.

మూడోది పడింది.

హల్బెరా లేచింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. తలుపు దాకా నడిచి, గడియ మీద చెయ్యి వేసి, తీయకుండా అడిగింది.

"ఎవరు? ముందు పేరు చెప్పు."

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. చాన్నాళ్ళుగా గట్టిగా మాట్లాడని గొంతు.

"పేరెక్కడిది హల్బెరా, బిడ్డకి పెడతానన్నావుగా," అంది ఆ గొంతు. "డాగ్నీ దగ్గర నా తాడుందట. అది ఇప్పించు. వెళ్ళమంటే మళ్ళీ వెళ్తాను."

డాగ్నీ బల్ల మీది తాడును రెండు చేతుల్తో గుండెకి అదుముకుంది. చిన్నప్పుడు తన వేలు పట్టుకుని ఆయన దాచడం నేర్పిన ఆ చివరి పురి ఆమె బొటనవేలికి తగిలింది. హల్బెరా గడియ తీసింది.